మగ్గం చుట్టూ ఉన్న పని

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి కదా, టెక్నాలజీ మీద అరగంట మాట్లాడు, పిల్లలు కూడా వస్తున్నారు" అన్నారు. నేను మగ్గం గురించి మాట్లాడతానన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "అది టెక్నాలజీ అంటావా?" అన్నారు. అవునండీ అన్నాను. ఎందుకు అవునో చెప్పడానికి నాకు ఈ అరగంట సరిపోతుందో లేదో చూడాలి.

మన బడి ఉన్న చోటు మీకు తెలిసిందే. పడమటికి వెళితే పర్చూరు, మార్టూరు, చిలకలూరిపేట వైపు నల్లరేగడి. పత్తి, మిరప. తూర్పుకి వెళితే ఇసుక నేల, తాటిచెట్లు, సముద్రం. ఆ సముద్రానికి కాస్త ఇవతల చీరాల, పేరాల, ఈపూరుపాలెం, జాండ్రపేట, వేటపాలెం, దేశాయిపేట. ఒకప్పుడు ఇవి ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. జిల్లా పేరు మారినా మగ్గం చప్పుడు మారలేదు. నేను పత్తి వేసే ఇంట్లోంచి వచ్చాను. నా పక్కన బెంచీ మీద కూర్చున్నవాడు బట్ట నేసే ఇంట్లోంచి వచ్చాడు. మా పత్తికీ వాళ్ల బట్టకీ మధ్య ఏం జరుగుతుందో పదో తరగతి దాకా మాకెవరూ చెప్పలేదు. పుస్తకంలో లాంకషైర్ మిల్లుల గురించి ఉంది, మాంచెస్టర్ గురించి ఉంది. బస్సెక్కితే గంటలో చేరే జాండ్రపేట గురించి లేదు.

మగ్గం అంటే మనకు రెండు మాటలే వస్తాయి. ఒకటి "పాపం". రెండోది "మన ఘన వారసత్వం". మొదటి మాట అన్నవాళ్లం జాలిపడి వెళ్లిపోతాం. రెండో మాట అన్నవాళ్లం ఫొటో తీసుకుని వెళ్లిపోతాం. ముప్పై ఏళ్లుగా యంత్రాల మధ్య పనిచేస్తున్నవాడిగా నాకు మూడో మాట కావాలి. మగ్గాన్ని ఒక యంత్రంగా చూద్దాం. అందులో ఏది బాగుంది, ఏది బాగాలేదు, బాగాలేనిదాన్ని బాగుచేయడం ఎలాగో చూద్దాం.

పిల్లల కోసం ముందు ఒక చిన్న లెక్క. ఒక నూలు చీర తీసుకోండి. వెడల్పు 48 అంగుళాలు. అంగుళానికి 80 పడుగు పోగులు అనుకుందాం. అంటే అడ్డంగా 3,840 పోగులు. పొడవు అయిదున్నర మీటర్లు, అంటే సుమారు 216 అంగుళాలు. అంగుళానికి 72 పేకలు అనుకుంటే, నాడె అటూ ఇటూ 15,552 సార్లు పరుగెత్తాలి. ప్రతిసారీ కాలితో తొక్కాలి, చేత్తో నాడె విసరాలి, పలకతో పేకను కొట్టి బిగించాలి. అంటే ఒక్క చీరలో నలభై ఆరు వేలకు పైగా కదలికలు. ఇక నూలు పొడవు. పడుగుకు సుమారు 21 కిలోమీటర్లు, పేకకు సుమారు 19 కిలోమీటర్లు. మొత్తం 40 కిలోమీటర్లు. మన ఆర్టీసీ బస్సులో గంటకు పైగా పట్టే దూరం. 80 నంబరు నూలైతే ఆ నలభై కిలోమీటర్లూ కలిపి తూకం వేస్తే దాదాపు 300 గ్రాములు. ఈ నలభై కిలోమీటర్ల అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనిపడుతుంది.

గుంటమగ్గం గుంటలో ఎందుకుంటుంది? పేదవాడి ఇల్లు చిన్నది కాబట్టి అని చాలామంది అనుకుంటారు. అది కొంతవరకే నిజం. నూలుకు ఒక గుణం ఉంది. తడి తగిలితే దాని బలం పెరుగుతుంది, ఎండిపోతే పోగు తెగుతుంది. నేలకు దగ్గరగా, గుంట పక్కన, పోగు చుట్టూ చెమ్మ నిలుస్తుంది. మగ్గం నేలలో పాతుకుని ఉండడం వల్ల పలక దెబ్బకు అదరదు. సముద్రపు గాలి తగిలే చోట నేతపల్లెలు ఇన్ని ఉండడంలో ఆశ్చర్యం లేదు. తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ పని ఎండెక్కక ముందే ఎందుకు చేస్తారో ఇప్పుడు తెలిసిందిగా. మిల్లుల్లో ఈ చెమ్మ కోసం పెద్ద పెద్ద యంత్రాలు పెట్టి కరెంటు బిల్లు కడతారు. మనవాళ్లు గుంట తవ్వుకుని, పొద్దున్నే లేచి సాధించారు.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్నఖద్దరు కోసం పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడలో ఉన్న సన్నని పళ్లు చేసే పనిని లోహంతో చేయించాలంటే ఎంత ఖర్చవుతుందో ఇక్కడున్న మెకానికల్ వాళ్లు చెప్పండి. మన చీరాల కుప్పడం చీర చూడండి. నడిమి భాగానికి ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు. మూడు నాడెలు ఒకదాన్నొకటి పట్టుకుంటూ వెళ్లాలి. అంచు రంగు నడిమిలోకి రాకూడదు, నడిమి రంగు అంచులోకి పోకూడదు, అతుకూ కనబడకూడదు. మంగళగిరి చీరలో నడిమి మీద పువ్వులేమీ ఉండవు, నిజాం అంచు ఒక్కటే అలంకారం. పువ్వు లేని నేతలో తప్పు దాచుకోవడానికి చోటుండదు. అంత ఒత్తుగా, అంత సమంగా కొట్టడం ఎంత కష్టమో నేసేవాళ్లకే తెలుసు.

ఇక కంప్యూటర్ల గురించి కూడా చెప్పానని కార్యదర్శిగారు సంతోషించాలి కాబట్టి ఒక మాట. 1804లో ఫ్రాన్సులో జకార్డ్ అనే ఆయన మగ్గానికి అట్టముక్కలు తగిలించాడు. అట్టలో రంధ్రం ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. ఉంది, లేదు. ఒకటి, సున్నా. ఆ అట్టలను చూసే ఇంగ్లండులో బాబేజ్ తన గణన యంత్రానికి అట్టలతో ఆదేశాలివ్వాలని తలపెట్టాడు. అలాంటి అట్టలతోనే 1890 నాటి అమెరికా జనాభా లెక్కలను హోలరిత్ యంత్రాలు లెక్కపెట్టాయి. సాఫ్టువేరు కొలువు చేస్తున్న మా తమ్ముళ్లందరికీ మగ్గం పినతాత వరస అవుతుంది.

ఈ విద్య మన ఒడ్డున ఎప్పటిది? మన నిజాంపట్నాన్ని పాత రోజుల్లో పేటపోలి అనేవారు. 1606లో డచ్చివారు అక్కడ వర్తకశాల పెట్టారు. 1611లో ఇంగ్లీషువారి గ్లోబ్ అనే ఓడ అక్కడికి వచ్చి, తర్వాత బందరు వెళ్లింది. వాళ్లంత దూరం నుంచి మన మిరపకాయల కోసం రాలేదు. బట్ట కోసం వచ్చారు. ఇండోనేషియా దీవుల్లో మసాలా దినుసులు కొనాలంటే అక్కడ బాగా చెల్లుబాటయ్యే సరుకు మన బట్ట. ముఖ్యంగా మన ఎరుపు. ఇసుక నేలల్లో పెరిగే చిరివేరు అనే మొక్క వేరు నుంచి తీసిన ఎరుపు అది. ఉతికినా పోనిది, ఎండకు వెలవనిది. 1869 నాటికి జర్మన్ శాస్త్రజ్ఞులు ఆ ఎరుపుకు మూలమైన అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. అంతవరకు అది వేర్లలోంచే రావాలి.

ఆ ఎరుపుతో చీరాలలో నేసినదే తేలియా రుమాలు. ఆసియా రుమాలు అని కూడా అన్నారు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టడం, పిండడం, ఆరబెట్టడం, మళ్లీ నానబెట్టడం. నూనె, బూడిదలోని క్షారం కలిస్తే సబ్బులాంటిది తయారవుతుంది, అది పోగు లోపలికంటా పడుతుంది. పటికతో కలిసి రంగును పట్టి ఉంచుతుంది. ఐరోపావారు ఇదే సూత్రంతో చేసే టర్కీ ఎరుపును నేర్చుకోవడానికి పద్దెనిమిదో శతాబ్దం దాకా తంటాలు పడ్డారు. మన అద్దకపువాళ్లకు రసాయన సూత్రం తెలియదు. కానీ ఎన్నిసార్లు నానబెట్టాలో, చేతికి ఎలా తగిలితే చాలునో తెలుసు. సూత్రం రాసుకోనంత మాత్రాన అది శాస్త్రం కాకుండా పోదు.

రంగు తర్వాత కట్టు. నేయక ముందే నూలును అక్కడక్కడ బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ ముంచి, దానితో నేస్తే బొమ్మ వస్తుంది. దీన్ని ప్రపంచమంతా ఇకత్ అంటోంది. కట్టడం అనే అర్థమున్న మలయా మాట అది. పడుగును మాత్రమే కట్టి నేసేవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. పడుగునూ పేకనూ రెండింటినీ కట్టి, మగ్గం మీద ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చునేలా నేసేవాళ్లు మాత్రం మూడు దేశాల్లోనే ప్రసిద్ధి. ఇండోనేషియాలో బాలి దీవిలోని తెంగానన్ అనే ఒక్క ఊరు. జపాన్. మూడోది మన దేశం, గుజరాత్‌లో పాటన్, ఇక్కడ మన తెలుగు నేల. ఒక పోగు వెంట్రుకవాసి జరిగినా గీత చెదురుతుంది. కంప్యూటర్ తెర మీద నేను గీసే గీతకు ఎంత కచ్చితం కావాలో, తడిసి సాగే నూలు మీద, కళ్లతో చూసి, వేలితో సర్ది, వాళ్లు అంత కచ్చితం తెస్తారు.

చెప్పడానికి కాస్త బాధగా ఉంది కాని, తేలియా రుమాలుకు చీరాల పుట్టినిల్లు, ఇప్పుడు బతుకుతున్నది మెట్టినిల్లయిన తెలంగాణలోని పుట్టపాకలో. అక్కడి నేతకారులు దాన్ని చీరగా, దుపట్టాగా మార్చి కాపాడారు, భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు. వారికి మనం నమస్కారం పెట్టాలి. పనితనం ఒక ఊరి సొత్తు కాదు. ఎవరు చేతుల్లో పెట్టుకుంటే వారిది.

మన బట్ట ప్రయాణించిన ఇంకో దారి చెబుతాను. గళ్ల బట్ట ఒకటి మద్రాసు చేతిరుమాలు అనే పేరుతో చీరాల, ఈపూరుపాలెం వైపు మగ్గాల మీద నేసి పడమటి ఆఫ్రికాకు పంపేవారు. నైజీరియాలో కలబారి అనే జనానికి ఆ బట్ట ఎంత ముఖ్యమంటే, పుట్టుక దగ్గర్నుంచి చావు దాకా వాళ్ల ప్రతి వేడుకలో అది ఉండాలి. వాళ్లు దాన్ని ఊరికే కట్టుకోలేదు. అక్కడి ఆడవాళ్లు చాకుతో కొన్ని పోగులు కోసి, లాగేసి, ఆ గళ్లలోంచి తమదైన కొత్త బొమ్మ తీస్తారు. పెలెటే బీటే అంటారు, కోసిన పోగుల బట్ట అని అర్థం. చీరాలలో ఒక చెయ్యి పోగు పెట్టింది, నైజీరియాలో ఇంకో చెయ్యి అదే పోగు తీసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అయినా ఆ బట్టను ఇద్దరూ కలిసి చేశారు.

ఇంత ఉన్నవాళ్లం ఇక్కడికెలా వచ్చాం? మిల్లు వచ్చింది, మగ్గం ఓడింది అని ఒక్క వాక్యంలో చెప్పేస్తుంటారు. నాకు ఆ వాక్యం సరిపోదు. నిజానికి మగ్గం కంటే ముందు చెడింది మగ్గానికి నూలు వచ్చే దారి. మన పొలంలో పత్తి తీస్తాం. జిన్నింగు మిల్లులో గింజ తీసి, దూదిని గట్టిగా నొక్కి బేళ్లు కడతారు. అలా నొక్కే పద్ధతి దూది ఓడల్లో సీమకు వెళ్లడానికి తక్కువ చోటు పట్టాలని వచ్చింది. నొక్కిన దూదిని మళ్లీ విడదీయడానికి స్పిన్నింగు మిల్లులో ఇంకో యంత్రాల వరస కావాలి. పక్క ఊరి మగ్గానికి వెళ్లాల్సిన దూదిని కూడా సముద్రం దాటబోతున్నట్టే నొక్కుతున్నాం. ఒకప్పుడు గుంటూరు, నెల్లూరు నేలల్లో పండి, కాకినాడ రేవు నుంచి ఎగుమతై, ఆ రేవు పేరుతోనే వర్తకంలో చెలామణి అయిన దేశవాళీ పత్తి ఉండేది, అందులో కొంత లేత మట్టిరంగులో ఉండేది. పెద్ద యంత్రాలకు పొడుగు పింజ కావాలి కాబట్టి ఆ పొట్టి పింజ పత్తి వెనకబడిపోయింది. పక్కపక్కనే ఉన్న పత్తి చేనుకూ మగ్గానికీ మధ్య దారి ఇలా మెలికలు తిరిగింది.

దానివల్ల ఏమవుతుందో 1991లో చూశాం. నూలు ధర ఒక్కసారిగా పెరిగింది, బట్ట ధర పెరగలేదు. చీరాల, గుంటూరు ప్రాంతాల్లో నేతకారుల ఆకలిచావులు పత్రికల కెక్కాయి. చుట్టూ పత్తి పండుతున్న జిల్లాల్లో నూలు కొనలేక మనుషులు పోయారు. అప్పటికి మనలో చాలామందిమి ఇంజనీరింగు కాలేజీల్లో ఉన్నాం, లేదా కొత్త ఉద్యోగాల్లో చేరాం. మిల్లులు తమ నూలులో కొంత వాటా చేతిమగ్గానికి పనికొచ్చే చిలపల రూపంలో ఇవ్వాలని నిబంధన ఉంది. ఆ వాటా 2003లో 50 నుంచి 40 శాతానికి, 2019లో 30 శాతానికి తగ్గింది.

అడిగేవాళ్లు లేక కాదు. నిడుబ్రోలులో 1915లో పుట్టిన ప్రగడ కోటయ్యగారు జీవితమంతా నేతకారుల కోసమే పనిచేశారు. చీరాల తరఫున శాసనసభలో, తర్వాత రాజ్యసభలో మాట్లాడారు. వెంకటగిరిలోని చేనేత సాంకేతిక సంస్థకు ఆయన పేరే పెట్టారు. కొన్ని రకాల బట్టలు చేతిమగ్గానికే కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చింది. 1993లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. 22 రకాల జాబితా తర్వాత 11కి తగ్గింది. చట్టం ఉన్నా, మరమగ్గం మీద నేసిన బట్ట చేనేత పేరుతో అమ్ముడవుతూనే ఉంది.

ఇప్పుడు నా అసలు మాటకు వస్తాను. నాతోపాటు బెంచీ మీద కూర్చున్న మిత్రుడి సంగతి మొదట్లో చెప్పాను. లెక్కల్లో నాకంటే ముందుండేవాడు. పది తర్వాత మగ్గం ఎక్కాడు. ఈ సభలోనే ఉన్నాడు, పేరు చెప్పొద్దన్నాడు. రెండేళ్ల కిందట వాళ్లింటికి వెళ్లినప్పుడు నేను ఇంజనీరు గొప్పతో, "ఒరే, మగ్గానికి మోటారు పెడితే నీకు శ్రమ తగ్గుతుంది కదా" అన్నాను. వాడు నవ్వి అన్నాడు: "మగ్గం మీద కూర్చోవడం నాకెప్పుడూ కష్టమనిపించలేదురా. నా పని నాకిష్టమే. నేను మగ్గం ఎక్కేలోపే మా ఆవిడకి సగం రోజు అయిపోతుంది. దానికి కూలి ఎవడిస్తాడు? ఆ పనికి పెట్టు నీ మోటారు."

అక్కడ నాకు లెక్క తెలిసింది. ఇందాక చెప్పిన నలభై కిలోమీటర్ల నూలు గుర్తుందా? అది మగ్గం మీదికి రాకముందే ఆ నలభై కిలోమీటర్లూ ఇంట్లో ఎవరో ఒకరి వేళ్ల మధ్యనుంచి నడిచి వస్తుంది. చిలప విప్పాలి, రాట్నం మీద కండెలు చుట్టాలి, ఆసు పోయాలి, గంజి పెట్టాలి, తెగిన పోగు అతకాలి. ఆ పని చాలావరకు ఆడవాళ్లది, ముసలివాళ్లది. కూలి మాత్రం చీర లెక్కన ఒకరికే వస్తుంది. 2019-20లో జరిగిన చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షల మందికి పైగా నేత, నేత అనుబంధ పనివాళ్లు తేలారు. అందులో పదిమందిలో ఏడుగురు స్త్రీలు. అయినా నేతకారుడు అనగానే మన కళ్లముందుకు మగవాడే వస్తాడు. రెక్కాడితే గాని డొక్కాడదని అంటాం. ఆ ఇంట్లో ఆడుతున్నవి రెండు రెక్కలు కావు, నాలుగో ఆరో. లెక్కలోకి వస్తున్నవి రెండే.

కాబట్టి నేను చెప్పేది ఇది. మగ్గంలో తప్పు లేదు. తప్పు మగ్గం చుట్టూ ఉంది. ఇంజనీరు వెళ్లాల్సింది అక్కడికి. నేసేవాడి చేతిలోంచి పని లాక్కునే యంత్రం కాదు మనకు కావలసింది, నేతకు ముందున్న నొప్పిని తీసుకునే యంత్రం.

అలా చేసి చూపించినవాళ్లు ఉన్నారు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశంగారి గురించి మీకు తెలిసే ఉంటుంది. ఆరో తరగతితో చదువు ఆగిపోయింది. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే ఒక్కో చీరకు వేల సార్లు, తొమ్మిది వేల సార్లని చెబుతారు, చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. వాళ్లమ్మ లక్ష్మిగారి భుజం నొప్పి చూడలేక ఆయన 1992 నుంచి కుస్తీ పట్టి 1999లో ఆసు యంత్రం చేశారు. అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మగ్గం జోలికి పోలేదు. గంటల కొద్దీ భుజాన్ని అరగదీసే ఒక్క పనిని పట్టుకున్నారు. నేత ఎక్కడిదక్కడే ఉంది, అమ్మ భుజం బాగుపడింది. నేను చదివిన ఇంజనీరింగు పుస్తకాలన్నీ చెప్పాల్సిన పాఠం అదే.

రెండో ఉదాహరణ స్కాట్లండు పడమటి దీవులది. అక్కడ హారిస్ ట్వీడ్ అనే ఉన్నిబట్ట ఉంది. దానికోసం బ్రిటిషు పార్లమెంటు 1993లో ప్రత్యేకంగా చట్టం చేసింది. ఆ దీవుల్లోనే రంగు వేసి, అక్కడే వడికిన ఉన్నితో, దీవివాసులు తమ ఇళ్లలోనే చేత్తో నేసినదాన్నే హారిస్ ట్వీడ్ అనాలి. వడకడం, రంగు వేయడం, పడుగు తయారుచేయడం మిల్లు పని. సిద్ధమైన పడుగు నేతకారుడి ఇంటికి వస్తుంది. మగ్గం కాలితో తొక్కేదే, మోటారు లేదు. నేసిన బట్టను మిల్లు తీసుకెళ్లి ఉతికి, సరిచేసి, ముద్ర వేస్తుంది. చూశారా, వాళ్లు యంత్రాన్ని వద్దనలేదు. యంత్రం ఎక్కడిదాకా రావాలో, ఎక్కడ ఆగాలో గీత గీసి, ఆ గీతను చట్టంలో పెట్టుకున్నారు.

మూడోది మన దగ్గరే. దూదిని బేళ్లుగా నొక్కకుండా, పత్తి పండే చోటికి దగ్గరలోనే చిన్న యంత్రాలతో వడికి, ఆ నూలును చేతిమగ్గాలకు ఇచ్చే ప్రయత్నం మల్ఖా అనే పేరుతో తెలుగు రాష్ట్రాల్లో నడిచింది. ఉజ్రమ్మగారు దానికి ఆద్యురాలు. నొక్కని దూదితో వచ్చిన బట్ట మెత్తగా ఉంటుంది, రంగు బాగా పడుతుంది. పెద్ద మిల్లుతో ధరలో పోటీ పడడం కష్టమే. కానీ పత్తి చేనుకూ మగ్గానికీ మధ్య దారి సూటిగా ఉండొచ్చని అది రుజువు చేసింది. పత్తీ నేతా పక్కపక్కన ఉన్న మన ప్రాంతానికి ఇంతకంటే తగిన ప్రయోగం నాకు కనబడదు.

సరే, మనమేం చేయాలి? పెద్ద మాటలు చెప్పి వెళ్లిపోతే మా మాస్టారు ఊరుకోరు, "ఉదాహరణ రాయి" అనేవారు. మూడు పనులు చెబుతాను.

మొదటిది పిల్లలకు. ఈ ఏడాది సైన్సు ప్రాజెక్టుగా ఒక చీరకు పట్టే పనిని మొత్తం కొలవండి. చిలప విప్పిన దగ్గర్నుంచి మడత పెట్టేదాకా, ఎవరి చేతులు, ఎన్ని గంటలు, ఎవరికెంత కూలి. అంగుళానికి ఎన్ని పోగులో భూతద్దంతో లెక్కపెట్టండి. నేతకారుల ఇళ్లకు అతిథుల్లా కాకుండా విద్యార్థుల్లా వెళ్లండి, చెప్పులు బయట విడిచి. అయిదు భూతద్దాలు, అయిదు స్టాప్‌వాచీలు, ఒక పెద్ద లెడ్జరు నేను తెచ్చాను, ఈ రోజే హెడ్మాస్టరుగారికి ఇస్తున్నాను. కొలవనిదాన్ని ఎవరూ బాగుచేయలేరు.

రెండోది ఇంజనీర్లకు. ఈ హాల్లో చేతులెత్తమంటే నలభై మందైనా తేలతారు. కండెలు చుట్టే చిన్న మోటారు, వాన నీళ్లు చేరని, మోకాళ్లు పట్టేయని మగ్గపు గుంట, వీధి మీద వాన పడితే పడుగు తడిసిపోకుండా ఒక ఉమ్మడి పాక. ఇందులో రాకెట్ శాస్త్రమేమీ లేదు. అయితే గీసేముందు అడగాలి. నా మిత్రుడి భార్య, మా వదినగారు, కండెల యంత్రం నమూనా ఒకటి చూసి, "బాబూ, ఇది పోగు తెగినా ఆగడం లేదు, చుట్టుకుంటూ పోతోంది. తెగిన చోట ఆగకపోతే నాకు రెట్టింపు పని" అన్నారు. ఆ ఒక్క వాక్యం ఏ డిజైను సమీక్షలోనైనా మొదటి పేజీలో ఉండాల్సింది. ఆ మార్పు చేసే పనిలో ఇప్పుడు మేం నలుగురం ఉన్నాం. అయిదో మనిషి కావాలి, ముఖ్యంగా ఎలక్ట్రికల్ తెలిసినవారు.

మూడోది కొనేవాళ్లకు, అంటే అందరికీ. చేతిమగ్గపు బట్ట అంచుల దగ్గర చూడండి, వెడల్పు తగ్గకుండా సాగదీసి పట్టిన బద్ద తాలూకు సన్నని సూదిగుర్తులు చాలాసార్లు కనబడతాయి. కట్టి నేసిన బట్టకైతే రెండు వైపులా బొమ్మ ఒకేలా ఉంటుంది, అచ్చు వేసినదానికి వెనక వైపు వెలిసినట్టుంటుంది. చూసి కొనండి. కొనేటప్పుడు ఆ నలభై కిలోమీటర్లూ ఒక్కసారి తలుచుకుని బేరమాడండి. మన సంఘం ఏటా గురువులకు కప్పే శాలువాలు, ఇచ్చే ధోవతులు, చీరలు పక్క ఊళ్ల మగ్గాల నుంచే తెప్పిద్దామని, డబ్బు ముందే ఇద్దామని నేను కార్యవర్గానికి రాతపూర్వకంగా ప్రతిపాదన ఇచ్చాను. ముందే ఇవ్వడం ముఖ్యం. నేతకారుణ్ని కుంగదీసేది ధర ఒక్కటే కాదు, బట్ట అమ్ముడయ్యేదాకా నూలుకు చేసిన అప్పు.

మా మిత్రుడి కొడుకు ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. మంచిదే. నేతకారుడి కొడుకు నేతకారుడే కావాలని చెప్పే హక్కు నాకు లేదు, నేను మా నాన్న పత్తి చేను వదిలి వెళ్లినవాణ్నే. ఉండాలనుకున్నవాళ్లు మర్యాదగా ఉండగలిగే వీలు మాత్రం కావాలి. ఆ వీలు లేకపోతే తేలియా రుమాలు చీరాలను వదిలి వెళ్లినట్టే ఒక్కొక్కటీ వెళ్లిపోతుంది, తిరిగి తెచ్చుకోవడానికి పుస్తకంలో సూత్రం కూడా ఉండదు, ఎందుకంటే అది వేళ్లలో ఉంది.

భోజనాల తర్వాత గ్రంథాలయం గదిలో కండెల యంత్రం నమూనా పెడుతున్నాం. మా వదినగారు దాన్ని నడిపి చూపిస్తారు, నేను పక్కన నిలబడి నోట్సు రాసుకుంటాను. అందరూ రండి.